కాంటా గది కంప్యూటర్‌లో నెట్‌వర్క్ ఫైల్ పాడైతే: ఫార్మాట్ కంటే ముందు చేయాల్సినవి

తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఆ కంప్యూటర్‌ను ఎవరు ఫార్మాట్ చేస్తానన్నా చేయనివ్వకు. నీకు కావాల్సిన ఫైల్ చాలావరకు ఆ కంప్యూటర్‌లోనే ఇంకోచోట భద్రంగా ఉంటుంది. దాన్ని వెతికి సరైన చోట పెట్టడం ఒక పూట పని. ఫార్మాట్ చేశాక కాంటా సాఫ్ట్‌వేర్ తిరిగి తెచ్చుకోవడం మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు.

నువ్వు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇది. మిర్యాలగూడ పక్కన రైస్ మిల్లు. కాంటా గదిలో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఉన్న పాత కంప్యూటర్. మొన్నటి గాలివానకు కరెంటు పోయి, వచ్చాక చూస్తే నెట్‌వర్క్ లేదు. తూకం చీటీ ప్రింట్ అవుతోంది కానీ లెక్క ఆఫీసు కంప్యూటర్‌కు చేరడం లేదు. కంప్యూటర్‌కు నెట్‌వర్క్ అడ్రస్ తెచ్చిపెట్టే డీహెచ్‌సీపీ సర్వీస్‌ను స్టార్ట్ చేయబోతే ఎర్రర్ 1068 వస్తోంది. చూడడానికి వచ్చిన మెకానిక్ ‘టీసీపీఐపీ డాట్ సిస్ ఫైల్ పోయింది, ఫార్మాట్ కొట్టాల్సిందే’ అన్నాడు. విండోస్‌కు నెట్‌వర్క్‌లో మాట్లాడడం వచ్చేది ఆ ఫైల్ వల్లే. సాఫ్ట్‌వేర్ సీడీ లేదు, అమ్మినాయన ఫోన్ కలవడం లేదు. యాసంగి వడ్ల బండ్లు గేటు బయట వరుసగా ఉన్నాయి, సేటు టెన్షన్ పడుతున్నాడు.

బండ్ల గురించి టెన్షన్ వద్దు. బరువు చూపేది, కాలిబ్రేషన్ దాచుకునేది ఎర్ర అంకెల ఇండికేటర్, కంప్యూటర్ కాదు. ఇండికేటర్ నుంచి కంప్యూటర్‌కు బరువు వచ్చేది సీరియల్ కేబుల్ మీద, దానికీ నెట్‌వర్క్‌కూ సంబంధం లేదు. చీటీ వస్తోందంటే కాంటా నడుస్తున్నట్టే. రెండు మూడు రోజులు చీటీలను చేతిపుస్తకంలో రాసుకుని ఆఫీసులో ఎక్కించుకోండి. తొందరలో చేసే రిపేరే ఇలాంటి కంప్యూటర్లను చంపేస్తుంది.

నేను నల్లగొండలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. మిల్లులు, ఎరువుల దుకాణాలు, ఫొటో స్టూడియోలు, అన్ని చోట్లా చూసింది ఒకటే: నెట్‌వర్క్ ఫైల్ పాడైందంటే ఆ ఫైల్‌ను మార్చేసి వచ్చేస్తారు, అది ఎందుకు పాడైందని అడగరు. నీ విషయంలో ఆ ప్రశ్నే ముఖ్యం. కరెంటు పోతే పాడయ్యేవి సాధారణంగా ఆ క్షణంలో రాస్తున్న ఫైళ్లు. టీసీపీఐపీ డాట్ సిస్‌ను విండోస్ రోజూ రాయదు, బూట్ అయ్యేటప్పుడు ఒక్కసారి చదివి మెమరీలో పెట్టుకుంటుంది. సీజన్‌లో కాంటా కంప్యూటర్‌ను నెలల తరబడి ఆపరు కదా. అందుకని ఆ ఫైల్ ఎప్పుడో పాడై ఉండొచ్చు. మెమరీలో ఉన్న మంచి కాపీతో కంప్యూటర్ నడుస్తూనే ఉంది. మొన్న కరెంటు పోయి మళ్లీ డిస్క్ నుంచి చదవాల్సి వచ్చేసరికి బయటపడింది. అంటే గాలివాన కంటే ముందు అనుమానించాల్సింది హార్డ్ డిస్క్‌ను, దాని కేబుల్‌ను, ర్యామ్‌ను, వైరస్‌ను. యాంటీవైరస్ ఆ ఫైల్‌ను పట్టుకుని క్వారంటైన్‌లో పడేసినా ఇదే కథ: రీస్టార్ట్ చేసే దాకా తెలియదు.

కమాండ్లను, ఫోల్డర్ల పేర్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. నువ్వు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

అసలు పాడైంది ఏదో తేల్చుకుందాం. మెకానిక్ టీసీపీఐపీ అన్నాడు కానీ 1068 అనే నంబర్ ఆ మాట చెప్పదు. ‘నేను ఆధారపడిన ఇంకొకటి స్టార్ట్ కాలేదు’ అని మాత్రమే చెబుతుంది. ఎక్స్‌పీలో డీహెచ్‌సీపీ సర్వీస్ మూడు నెట్‌వర్క్ డ్రైవర్ల మీద ఆధారపడి ఉంటుంది: టీసీపీఐపీ, ఏఎఫ్‌డీ, నెట్‌బీటీ. నెట్‌బీటీ మళ్లీ టీసీపీఐపీ మీద ఆధారపడుతుంది. చాలామంది మర్చిపోయేది ఇంకొకటుంది. ఎక్స్‌పీలో టీసీపీఐపీ కూడా ఐపీసెక్ అనే డ్రైవర్ మీద ఆధారపడుతుంది. ఐపీసెక్ డాట్ సిస్ పోతే దాని మీద నిలబడ్డ టీసీపీఐపీ కూలుతుంది, దాంతోపాటు మిగతావన్నీ కూలుతాయి. తప్పు ఐపీసెక్‌ది అయినా నింద టీసీపీఐపీ మీద పడుతుంది. టీసీపీఐపీని నాలుగుసార్లు మార్చినా గుణం కనిపించదు, చివరికి ‘ఫార్మాటే దిక్కు’ అంటారు.

కాబట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఒక్కొక్కటీ లేపి చూడు. మొదట నెట్ స్టార్ట్ ఐపీసెక్. ‘ఇప్పటికే స్టార్ట్ అయి ఉంది’ అంటే మంచిది, అది బాగున్నట్టు. తర్వాత నెట్ స్టార్ట్ టీసీపీఐపీ, ఆ తర్వాత నెట్‌బీటీ, చివర ఏఎఫ్‌డీ. ఏ మెట్టు దగ్గర ఆగిపోతే దోషం ఆ మెట్టుది. అక్కడ వచ్చే ఎర్రర్ నంబర్ రాసిపెట్టుకో. నంబర్ 2 అయితే ఫైల్ అక్కడ లేనే లేదు, ఎవరో తీసేశారు, ఎక్కువసార్లు అది యాంటీవైరస్. 1392 అయితే ఫైల్ ఉంది కానీ చదవడానికి రావడం లేదు, డిస్క్ వైపు చూడాలి.

ఈవెంట్ వ్యూయర్ కూడా తెరువు. సిస్టమ్ అనే లాగ్‌లో ఆ రోజు బూట్ అయిన సమయం దగ్గర, సర్వీస్ కంట్రోల్ మేనేజర్ రాసిన 7026 నంబర్ ఎంట్రీ ఉంటుంది. బూట్‌లో లేవని డ్రైవర్ల పేర్లన్నీ అందులో వరుసగా ఉంటాయి. 7001 నంబర్ ఎంట్రీలు ఎవరు ఎవరి వల్ల ఆగారో చెబుతాయి. అవి వరుసగా చదువుతూ పోతే చివరికి మిగిలిన పేరే మనకు కావాల్సింది. డివైస్ మేనేజర్‌లో కూడా వ్యూ మెనూలో దాచిన డివైస్‌లు చూపించమని టిక్ పెడితే, నాన్ ప్లగ్ అండ్ ప్లే డ్రైవర్స్ అనే వరుస వస్తుంది. పాడైన దాని మీద అక్కడ పసుపు గుర్తు కనిపిస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష, పింగ్ 127.0.0.1. ఆ నంబర్ కంప్యూటర్ తనను తాను పిలుచుకునేది. దానికి కేబుల్ అక్కర్లేదు, స్విచ్ అక్కర్లేదు, నెట్‌వర్క్ కార్డు కూడా అక్కర్లేదు. దానికే జవాబు రాకపోతే తప్పు విండోస్ లోపలే ఉంది. జవాబు వచ్చి బయటికి మాత్రం వెళ్లలేకపోతే ఫైల్ సంగతి వదిలేసి కార్డు, కేబుల్, స్విచ్ చూడాలి. పిడుగుల కాలం కాబట్టి ఈ రెండూ ఒకేసారి జరగొచ్చు. ఫైల్ బాగుచేశాక కూడా కార్డు వెనక లైటు వెలగకపోతే, స్విచ్‌లో ఆ పోర్టు కాలిందేమో చూసి వేరే పోర్టులో పెట్టు.

ఇప్పుడు డిస్క్. ఈ భాగాన్ని దయచేసి దాటేయకు.

చాలా ఏళ్ల కింద హాలియా వైపు ఒక ఎరువుల దుకాణంలో అచ్చంగా ఇదే సమస్య వచ్చింది. అప్పుడు నేను ఒక వెబ్‌సైట్ నుంచి టీసీపీఐపీ డాట్ సిస్‌ను డౌన్‌లోడ్ చేసి పెట్టాను. కంప్యూటర్ నీలం తెర చూపించి ఆగిపోయింది. రెండు గంటలు కష్టపడి, చివరికి అదే కంప్యూటర్‌లో ఉన్న కాపీని తీసి పెడితే పనిచేసింది. సంతోషంగా వచ్చేశాను. మూడు వారాలకు హార్డ్ డిస్క్ మొత్తం పోయింది. రైతుల ఉద్దెర ఖాతా అంతా అందులోనే ఉంది. ఆ ఫైల్ పాడైనప్పుడే డిస్క్ తన సంగతి చెప్పింది, నేను వినలేదు. ఆ దుకాణదారు నన్ను ఒక్క మాట అనలేదు కానీ, ఆయన ఆ సీజనంతా పాత చీటీలు ముందేసుకుని కూర్చోవడం నేను చూశాను. అప్పటి నుంచి డిస్క్ చూడకుండా ఏ ఫైల్‌నూ ముట్టుకోలేదు.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, క్యాబినెట్ తెరువు. మిల్లు కంప్యూటర్ లోపల ఏముంటుందో నీకు నేను చెప్పాలా? తవుడు దుమ్ము మెత్తగా, నూనె జిడ్డుతో అట్ట కట్టి ఉంటుంది. గట్టిగా గాలి కొడితే అది లోపలి సందుల్లోకి పోతుంది. మెత్తని కుంచెతో మెల్లగా తీయి. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా నొక్కు. హార్డ్ డిస్క్ డేటా కేబుల్‌ను వేలితో కదిపి చూడు. పాత సాటా కేబుళ్లకు లాక్ క్లిప్ ఉండదు. మిల్లు నడుస్తుంటే నేల అదురుతుంది, ఆ అదురుకు కేబుల్ వెంట్రుక వాసి జరిగినా డిస్క్ ఒకసారి చదువుతుంది, ఒకసారి చదవదు. కొత్త కేబుల్ ఖరీదు ఎంతో కాదు, మార్చేసెయ్. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తల ఉబ్బి ఉంటే మాత్రం ఆ బోర్డుకు రోజులు దగ్గర పడ్డట్టే.

తర్వాత ఆ డిస్క్‌ను ఇంకో మంచి కంప్యూటర్‌కు తగిలించి, డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో ప్రోగ్రాంలో చూడు. రెండు వరుసలు చాలు: రీఅలొకేటెడ్ సెక్టార్స్ (పాడై పక్కన పెట్టిన చోట్లు), కరెంట్ పెండింగ్ సెక్టార్ (చదవడానికి మొరాయిస్తున్న చోట్లు). రెండింటి అసలు విలువా సున్నా ఉండాలి. పెండింగ్‌లో సున్నా కాక ఏదున్నా డిస్క్ కొన్ని చోట్ల చదవలేకపోతోందని అర్థం. బాగున్నా బాగోకపోయినా ముందు డిస్క్ మొత్తానికి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు పూర్తి కాపీ, తీయి. డిస్క్ బాగుంటే క్లోన్‌జిల్లా సరిపోతుంది. పాడవుతుంటే లైనక్స్ పెన్‌డ్రైవ్ మీద డీడీరెస్క్యూ వాడు. అది చదవగలిగిన చోట్లు ముందు చదివేసి, మొండి చోట్లకు తర్వాత వస్తుంది.

ఇమేజ్ తీయకముందు చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టకు. అందరూ ముందు ఆ కమాండే చెబుతారు. అది డిస్క్ అంతా మూల మూలనా చదివిస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను పరుగెత్తించినట్టు అవుతుంది. పైగా తెగిపోయిన ఫైళ్లను తనకు తోచినట్టు సర్దేస్తుంది. ఇమేజ్ చేతిలో ఉన్నాక కొట్టు, అప్పుడు భయం లేదు. డిస్క్ బాగోలేదని తేలితే, ఇమేజ్‌ను కొత్త డిస్క్‌లోకి దించి మిగతా రిపేరు దాని మీదే చేయి.

ఇక ఫైల్. సర్వీస్ ప్యాక్ 3ను తర్వాత ఎక్కించిన కంప్యూటర్ అయితే విండోస్ ఫోల్డర్‌లో సర్వీస్‌ప్యాక్‌ఫైల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, దానిలో ఐ386. టీసీపీఐపీ డాట్ సిస్, ఐపీసెక్ డాట్ సిస్, ఏఎఫ్‌డీ డాట్ సిస్, నెట్‌బీటీ డాట్ సిస్ అన్నీ అక్కడ మామూలు ఫైళ్లుగానే ఉంటాయి. ఇవి కాక సిస్టమ్32 లోపల డీఎల్ఎల్‌క్యాష్ అనే ఫోల్డర్‌లో ఒక కాపీ ఉంటుంది. అది దాచిన ఫోల్డర్, ఫోల్డర్ ఆప్షన్స్‌లో రక్షిత సిస్టమ్ ఫైళ్లను దాచమనే టిక్ తీసేస్తేనే కనిపిస్తుంది. డాలర్ గుర్తుతో మొదలయ్యే అప్‌డేట్ ఫోల్డర్లలో కూడా కొన్ని దొరుకుతాయి. సెర్చ్‌లో దాచిన ఫోల్డర్లు కూడా వెతకమని పెట్టి పేరు కొడితే అన్నీ ఒకేచోట వస్తాయి.

దొరికిన ప్రతిదాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో వెర్షన్ చూడు. టీసీపీఐపీ డాట్ సిస్ అయితే సర్వీస్ ప్యాక్ 3తో వచ్చింది 5.1.2600.5512, సైజు 361,344 బైట్లు. 2008లో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాతది 5.1.2600.5625, సైజు 361,600 బైట్లు. ఈ రెండింటిలో ఏదైనా సర్వీస్ ప్యాక్ 3 మీద నడుస్తుంది, రెండూ ఉంటే రెండోదే తీసుకో. సర్వీస్ ప్యాక్ 2 నాటి కాపీ దొరికినా ముట్టుకోకు.

పాడైన ఫైల్ ఎలా ఉంటుందో కళ్లతో చూడాలంటే, దాని కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరువు. మంచి సిస్ ఫైల్ అర్థం కాని గుర్తులతో నిండి ఉంటుంది కానీ మొట్టమొదటి రెండు అక్షరాలు మాత్రం స్పష్టంగా ఎమ్, జెడ్ అని ఉంటాయి. ఆ రెండూ లేకుండా మొదటి నుంచీ ఖాళీగా ఉంటే ఫైల్ సున్నాలతో నిండిపోయిందన్నమాట. కాపీ చేయబోతేనే ఎర్రర్ వచ్చి ఆగిపోతే బ్యాడ్ సెక్టార్. ఎమ్, జెడ్ ఉండి, తెరుచుకుంటూ, సైజు మాత్రం తేడాగా ఉంటే వైరస్‌ను అనుమానించు. ఎక్స్‌పీ కాలంలో ఈ డ్రైవర్ ఫైళ్లలోనే దూరి కూర్చునే రూట్‌కిట్లు ఉండేవి. అలాంటప్పుడు ఆ డిస్క్‌ను తీసి, అప్‌డేటెడ్ యాంటీవైరస్ ఉన్న ఇంకో కంప్యూటర్‌కు తగిలించి స్కాన్ చేయాలి. లోపలి నుంచి స్కాన్ చేస్తే అలాంటివి తమను తాము దాచుకుంటాయి.

మార్చే పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఎక్స్‌పీలో విండోస్ ఫైల్ ప్రొటెక్షన్ అనే కాపలా ఉంటుంది. డ్రైవర్స్ ఫోల్డర్‌లో నువ్వు ఫైల్ మార్చిన కొన్ని సెకన్లలో అది డీఎల్ఎల్‌క్యాష్‌లోని కాపీని తెచ్చి దాని చోట పెట్టేయవచ్చు. క్యాష్‌లోని కాపీ కూడా పాడై ఉంటే నువ్వు పెట్టింది పోయి పాడైందే మళ్లీ వచ్చి కూర్చుంటుంది, లేదా సీడీ పెట్టమని అడుగుతుంది. ‘మార్చినా మళ్లీ అదే వస్తోంది’ అని నన్ను అడిగిన వాళ్లందరి సమస్యా ఇదే. అందుకని సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, మంచి కాపీని మొదట డీఎల్ఎల్‌క్యాష్‌లో పెట్టు. ఆ తర్వాత సిస్టమ్32 లోపలి డ్రైవర్స్ ఫోల్డర్‌లో పాడైన ఫైల్ పేరు చివర ఓల్డ్ అని మార్చి, పక్కనే మంచిది పెట్టు. పాతదాన్ని డిలీట్ చేయకు, రేపు పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది. రీస్టార్ట్ చేసి మళ్లీ ఐపీసెక్ నుంచి మొదలుపెట్టి మెట్లన్నీ ఎక్కి చూడు.

సర్వీస్‌ప్యాక్‌ఫైల్స్ ఫోల్డర్ లేకపోతే, డిస్క్ ఖాళీ చేయడానికి ఎవరో తీసేసి ఉంటారు, లేదా సర్వీస్ ప్యాక్ 3 కలిపిన సీడీతోనే ఇన్‌స్టాల్ చేసి ఉంటారు. అప్పుడు అలాంటి సీడీలోని ఐ386 ఫోల్డర్‌లో ఆ ఫైల్ కుదించిన రూపంలో ఉంటుంది, పేరులో చివరి అక్షరం బదులు అడుగున గీత. ఎక్స్‌పాండ్ కమాండ్‌తో దాన్ని విప్పుకోవాలి. పాడైన సిస్టమ్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్ కూడా ఇదే పని చేస్తుంది కానీ ఎక్స్‌పీలో అది సీడీ అడుగుతుంది, సర్వీస్ ప్యాక్ సరిపోలని సీడీ పెడితే ఒప్పుకోదు.

వేరే వాళ్ల కంప్యూటర్ నుంచి తెచ్చుకోవచ్చా అంటే, తెచ్చుకోవచ్చు కానీ జాగ్రత్త. 2004లో సర్వీస్ ప్యాక్ 2 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఈ ఫైల్‌లోనే ఒక హద్దు పెట్టింది, ఇంకా పూర్తికాని కనెక్షన్లు ఒకేసారి పదికి మించకూడదని. పురుగుల్లాంటి వైరస్‌లు వేగంగా పాకకుండా చేసిన ఏర్పాటది. టొరెంట్లు వాడేవాళ్లకు అది అడ్డమై, టీసీపీఐపీ డాట్ సిస్‌ను కోసి హద్దు పెంచుకునే చిన్న చిన్న టూల్స్ వాడారు. ఆ రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లలోని కంప్యూటర్లకు చాలావాటికి ఈ కోత పడింది. నీకు దోస్తు ఇచ్చే ఫైల్ అలాంటిదో కాదో పేరు చూసి చెప్పలేవు. వెర్షన్ అదే చూపిస్తుంది, లోపల మాత్రం వేరు. ఫైళ్లు ఉచితంగా ఇస్తామనే వెబ్‌సైట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఫైళ్లన్నీ లేచాక కూడా నెట్‌వర్క్ రాకపోతే అప్పుడు నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్. వైరస్, యాంటీవైరస్ ఏదైనా మధ్యలో దూరి, తర్వాత సగంలో తీసేయబడితే, ప్రోగ్రాములను నెట్‌వర్క్‌తో కలిపే విన్‌సాక్ గొలుసు తెగుతుంది. ఈ కమాండ్ ఆ గొలుసును కొత్తగా కడుతుంది. దాని తర్వాత నెట్‌ష్ ఇంట్ ఐపీ రీసెట్, ఎక్స్‌పీలో దీని చివర ఒక లాగ్ ఫైల్ పేరు కూడా ఇవ్వాలి, ఇవ్వకపోతే పనిచేయదు. చాలామంది ఈ రెండు కమాండ్లనే మొట్టమొదట కొడతారు. ఫైలే లేనప్పుడు ఇవి ఏమీ చేయలేవు. పైగా రెండో కమాండ్ నువ్వు చేత్తో పెట్టుకున్న ఐపీ అడ్రస్‌ను చెరిపేస్తుంది. కాంటా కంప్యూటర్లకు దాదాపు ఎప్పుడూ స్థిరమైన ఐపీ ఇచ్చి ఉంటారు, ఆఫీసు కంప్యూటర్ ఆ నంబర్ పట్టుకునే వెతుకుతుంది. కొట్టే ముందు నెట్‌వర్క్ కనెక్షన్స్‌లోకి వెళ్లి టీసీపీఐపీ ప్రాపర్టీస్ తెరిచి, ఐపీ, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే మూడూ కాగితం మీద రాసుకో. తర్వాత ఐపీ, సబ్‌నెట్ మాస్క్ అవే మళ్లీ పెట్టు, గేట్‌వే సంగతి చివర్లో చెబుతాను. ఆ కాగితాన్ని క్యాబినెట్ లోపలి వైపు టేపుతో అంటించిపెట్టు, రేపు వచ్చేవాడికి కూడా పనికొస్తుంది.

ఇక్కడ ఒక మాట, విండోస్ 7 ఉన్నవాళ్ల కోసం. అందులో ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ సీడీ అడగదు, విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ నుంచి తెచ్చుకుంటుంది. డిస్మ్ రిస్టోర్‌హెల్త్ అనే రిపేరు కమాండ్ గురించి ఎక్కడ చదివినా అది విండోస్ 8 నుంచి వచ్చింది, 7లో పనిచేయదు. పైన చెప్పిన డిస్క్ విషయం మాత్రం అక్కడా అంతే.

నీ మిల్లుకు తిరిగి వద్దాం. అంతా బాగుచేసి, పింగ్ అటూ ఇటూ వెళ్తున్నా ఆఫీసు కంప్యూటర్‌లో కాంటా ఫోల్డర్ తెరుచుకోకపోవచ్చు. అప్పుడు ఫైల్ మళ్లీ పోయిందని బెదరకు. ఆఫీసులో ఉన్నది విండోస్ 10 అన్నావు. ఎక్స్‌పీకి ఫైల్ షేరింగ్‌లో తెలిసిన భాష ఎస్ఎంబీ 1 ఒక్కటే. విండోస్ 10లో 2017 చివర వచ్చిన 1709 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు దాన్ని ఇవ్వడం మానేశారు. ముందే ఉన్నచోట కూడా కొన్నాళ్లు వాడకపోతే దానంతట అదే తొలగిపోవచ్చు. కాంటా కంప్యూటర్ ఆగి ఉన్న ఈ రోజుల్లోనే అది తొలగి ఉండే అవకాశం కూడా ఉంది. ఆన్ చేసుకోమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ దారిలోనే. సేటు బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్నులు అన్నీ ఆఫీసు కంప్యూటర్‌లోనే చేస్తాడు, దానికి ఆ తలుపు తెరవడం మంచిది కాదు. ఆఫీసు కంప్యూటర్‌లో ఫైళ్లు అందుకునే ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టి, ఎక్స్‌పీ నుంచి పగలు రెండుసార్లు డేటా ఫోల్డర్ కాపీ పంపేలా ఏర్పాటు చేసుకోవచ్చు. ఎక్స్‌పీకి ఎఫ్‌టీపీ వచ్చు.

కాంటా కంప్యూటర్‌కు ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. గేట్‌వే గడి ఖాళీగా వదిలేస్తే మిల్లు లోపలి నెట్‌వర్క్ నడుస్తుంది, బయటికి దారి ఉండదు. యూపీఎస్ బ్యాటరీ కూడా చూసుకోండి. కరెంటు పోగానే మానిటర్ ఆరిపోతోందంటే ఆ యూపీఎస్ ఉన్నా లేనట్టే.

సీజన్ అయ్యాక చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఇమేజ్‌ను కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం) లోపల నడిపించి చూడండి. ఇండికేటర్ కేబుల్‌ను యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ ద్వారా లోపలి ఎక్స్‌పీకి అందించవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు ప్రింటర్ పోర్టులో పెట్టే డాంగిల్ (అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ నడిచే తాళంచెవి లాంటి ముక్క) ఏదైనా ఉంటే ఆ దారి కష్టం. కంప్యూటర్ వెనక అలాంటిది ఉందేమో ఇప్పుడే చూసి చెప్పు.

ఈ రాత్రికి కేబుల్, ర్యామ్ చూసి, డిస్క్ ఇమేజ్‌కు పెట్టు. రేపు పొద్దున నాలుగు నెట్ స్టార్ట్‌లకు ఏమేం జవాబులు వచ్చాయో, 7026 కింద ఏ పేర్లు ఉన్నాయో, పెండింగ్ సెక్టార్ ఎంత చూపిందో రాయి. ఆ మూడూ చూసి, ఏ ఫైల్ ఎక్కడి నుంచి తీయాలో చెబుతాను.